మేస్త్రమ్మ చదివిన అట్టముక్కలు

పొద్దున్నే షెడ్డు తాళం తీయగానే మేస్త్రమ్మ చెప్పులు గుమ్మం పక్కన విడిచేది. పైవాడికి ఒక దణ్ణం పెట్టుకునేది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, లారీల కింద ఉన్న అట్టముక్కలు ఒక్కొక్కటే చదివేది.

చదవడం అన్న మాట ఆమెదే. సామాన్లు వచ్చిన అట్టపెట్టెలను పారేయనిచ్చేది కాదు. కత్తితో చక్కగా కోసి దాచేది. సాయంత్రం ఇంటికి పోయేముందు పదకొండు లారీల కిందా పదకొండు అట్టలు పరిచి వెళ్ళేది. తెల్లారేసరికి ఏ బండికి ఏ బాధ ఉందో ఆ అట్ట మీద తెలిసిపోయేది. నల్లమరక అయితే ఇంజను ఆయిలు. ముదురు తేనె రంగులో ఉండి ముక్కుకు ఘాటుగా తగిలితే గేరుబాక్సుది. ఆకుపచ్చగా, వేలికి జారుడుగా ఉంటే రేడియేటరు నీళ్ళు. అట్ట శుభ్రంగా ఉందనుకోండి, "చల్లగా ఉండు తల్లీ" అని బంపరు మీద తట్టి పక్క బండికి జరిగేది. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వచ్చిన రోజున కూడా ఈ పని మానలేదు.

"రాత్రంతా ఒంటరిగా నిలబడ్డ బండి ఏం ఏడ్చిందో పొద్దున్నే ఎవరో ఒకరు అడగాలి కదయ్యా" అనేది, నవ్విన డ్రైవర్లతో.

అది రోడ్ల శాఖ వాళ్ళ షెడ్డు. ఆమె తల్లి ఒకప్పుడు ఆ షెడ్డే ఊడ్చేది. బడి వదలగానే పిల్ల నేరుగా అక్కడికే వచ్చి, ఎండ తగలకుండా లారీ కింద కూర్చుని లెక్కలు చేసుకునేది. అప్పటి పెద్దమేస్త్రి మంచి మనిషి. కసరలేదు, పొమ్మనలేదు. ఒక డబ్బాలో కిరసనాయిలు పోసి, నాలుగు గుప్పెళ్ళ నట్లు ముందు పెట్టి, "లెక్కలయ్యాక ఇవి కడుగు" అన్నాడు. పిల్ల కడిగింది. కడిగి ఊరుకోక చిన్నవి, పెద్దవి, వాటికంటే పెద్దవి అని వరసగా పేర్చింది. ఆ వరస చూసి ఆయన మర్నాటి నుంచి స్పానర్లు అందించమన్నాడు.

పెరిగి పెద్దయ్యాక అదే షెడ్డులో ఉద్యోగానికి వెళితే ముగ్గురు పెద్దమనుషులు బల్లకు అవతల కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన, "ఏమ్మా, లారీ జాకీ ఎత్తగలవా?" అని అడిగాడు.

"లారీని ఎత్తడానికే కదండీ జాకీ ఉంది! నేను దాన్ని తిప్పితే చాలు. దాన్నీ నేనే ఎత్తుకు తిరిగితే ఇక అదెందుకండీ, దండగ!"

పక్కన కూర్చున్నాయన నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. ఇదంతా ఇరవయ్యారేళ్ళ కిందటి మాట.

ఆ పదకొండు బండ్లలో తొమ్మిదో నంబరుకు డ్రైవర్లు పెట్టుకున్న ముద్దుపేరు మొండిది. మిగతా బండ్లకు ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. మొండిదానికి ముందు చక్రాలకూ అందుతుంది. గేరుబాక్సు వెనకాల ట్రాన్స్‌ఫర్ కేసు అని ఇంకో ఇనప పెట్టె ఉంటుంది, ఆ పంపకం చేసేది అదే. ఒకే కంచంలోంచి ఇద్దరు పిల్లలకు ముద్దలు పెట్టే తల్లి లాంటిదది. అందుకే వాగు దాటి, రాళ్ళదారి పట్టి, కొండమీది ఇళ్ళదాకా పోగలిగిన బండి అదొక్కటే. మంగళవారం, గురువారం నర్సమ్మ మందుల పెట్టెలు పెట్టుకుని ఆ బండిలోనే ఎక్కేది. మిగతా బండ్లు వాగు దగ్గరే చేతులెత్తేసేవి.

ఆ మొండిదాని కింది అట్ట మీద ఒకరోజు పొద్దున ఎర్రమరక కనిపించింది. ఆ బండిలో ఎర్ర ఆయిలు పోసేది ట్రాన్స్‌ఫర్ కేసులోనే. మొదట గోరంత ఉంది. రెండు వారాల్లో అరచేయంత అయింది. అప్పట్లో పెద్ద మరమ్మతులన్నీ బయటి వర్క్‌షాపుకు పంపాలని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు ఉండేది. వాళ్ళు వెనక సీలు మార్చి పంపారు. సీలంటే తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిలు బయటికి రాకుండా పట్టుకునే రబ్బరు కట్టు. కొండెక్కి వచ్చాక మళ్ళీ మరక పడింది. ఈసారి ముందు సీలు మార్చారు. మళ్ళీ మరక. వెనకది మరోసారి మార్చారు. మళ్ళీ అదే వరస. చివరికి వాళ్ళు విసుగెత్తి, పెట్టె పగిలింది, కొత్తది వేయాలి, ఆ రకం ఇప్పుడు తయారు కావడం లేదు అని రాసి చేతులు దులుపుకున్నారు.

బుధవారం పొద్దున సూపరింటెండెంటు ఒక కాగితం పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. మేస్త్రమ్మ కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో ఒంట్లో బాగాలేకపోయినా అడగకుండానే సెలవిచ్చేవాడు. అయితే కాగితం మీద ఉన్నదంటే అతనికి మరో మాట లేదు.

"ఇక్కడొక సంతకం పెట్టండి మేస్త్రమ్మగారూ, పనైపోతుంది."

"ఏం పని సారూ?"

"తొమ్మిదో నంబరు. పనికిరాదని రాసి పాతసామానుకి పంపేద్దాం. పెట్టె పగిలిందని వాళ్ళు రాసిచ్చారు కదా."

"పగులు ఎక్కడుందో రాశారా?"

అతను కాగితం ఇటూ అటూ తిప్పాడు. "అది రాయలేదు."

"పోనీ మీరు చూశారా?"

"భలేవారే! నేను లారీ కిందికి దూరి చూడటమేంటండీ?"

"నేనూ చూళ్ళేదు సారూ. చూడని పగులు ఉందని సంతకం పెట్టడమంటే దేవుడి ముందు దొంగసాక్ష్యం చెప్పడమే. నా వల్ల కాదు."

"మీ సంతకం లేకపోయినా నేను పంపించగలను."

"పంపండి. మెకానిక్కు సంతకం గడి ఎందుకు ఖాళీగా ఉందని పై ఆఫీసు నుంచి అడుగుతారు. అడిగితే నేనొచ్చి చెబుతాను. బస్సు చార్జీ కూడా నేనే పెట్టుకుంటాను."

సూపరింటెండెంటు కాగితం కిందికి దించాడు. "ఆ బండిని ఊరికే మొండిదంటారు గానీ..."

"పూర్తి చేయండి సారూ, నేనేం అనుకోను."

"...మీ ముందు అదెంత, పసిపిల్ల!"

అక్కడున్న వాళ్ళందరూ గొల్లుమన్నారు. మేస్త్రమ్మ కూడా నవ్వింది గానీ కాగితం మాత్రం ముట్టుకోలేదు.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ గేటు దగ్గర సైకిలు దిగి, "అక్కా, రేపు బండి వస్తుందా? పైన ముగ్గురు బాలింతలున్నారు. ఇద్దరు పసివాళ్ళకు టీకాలు వేయాలి" అని అడిగింది.

సూపరింటెండెంటు నేలచూపులు చూశాడు. మేస్త్రమ్మ అతని వైపే చూస్తూ, "వస్తుందమ్మా. పక్కన నేనూ కూర్చుని వస్తాను" అంది.

అతను గడియారం చూసుకున్నాడు. "రేపు సాయంత్రం నాలుగింటికి పాతసామాను లిస్టు పంపాలి. అప్పటిదాకా మీ ఇష్టం. నాలుగు దాటితే బండి పోయినట్టే."

ఆ రోజంతా మేస్త్రమ్మ మొండిదాని కిందే ఉంది. ముందుగా ఆ ఇనప పెట్టె మొత్తం కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టింది. తడి మీద తడి ఉంటే ఏది ఎక్కడినుంచి వస్తోందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడని ఆమె నమ్మకం. తర్వాత ఒంటికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి పెట్టె చుట్టూ తెల్లగా చల్లింది. ఆయిలు ఎక్కడ ఊరితే అక్కడ ఆ తెలుపు మీద ఎర్రగీత పడుతుంది, దాచినా దాగదు.

"ఏంటి మేస్త్రమ్మా, పెళ్ళిచూపులకి ముస్తాబా?" అన్నాడు మొండిదాని డ్రైవరు.

"అవును. వరుడు నువ్వే. తల దువ్వుకుని రా."

ఇంజను స్టార్టు చేసి గంటసేపు అలాగే ఉంచారు. పౌడరు పౌడరులాగే ఉంది. ఒక్క చుక్క లేదు. డ్రైవరు సంబరంగా చప్పట్లు కొట్టాడు గానీ ఆమె ముఖం విప్పారలేదు. మొండిది కదలకుండా ఉంటే ఏడవదు, కొండెక్కి వచ్చినప్పుడే ఏడుస్తోంది. ఎందుకు?

కింద పడుకుని ఆలోచిస్తుంటే, గుమ్మం దగ్గర ఎవరో వంగినట్టు కనిపించింది. షెడ్డులో లారీలకు రంగులు వేసే పెద్దాయన. ఆయనకు ఒక అలవాటు ఉండేది. పొద్దెక్కి గుమ్మం దగ్గరికి ఎండ రాగానే మేస్త్రమ్మ చెప్పులు తీసి నీడలోకి జరిపేవాడు. నీడ జరిగితే మళ్ళీ జరిపేవాడు. రోజుకు మూడుసార్లు. ఎందుకని ఎవరైనా అడిగితే, "చెల్లెమ్మ కాళ్ళు కాలతాయి కదా" అని తన పనిలో తాను పడేవాడు. ఆమె ఏనాడూ ఆ మాట ఎత్తి కృతజ్ఞతలు చెప్పలేదు. కానీ ఆయనకు మోకాళ్ళ నొప్పులని, ఆయన రంగు వేసేటప్పుడు కూర్చోవడానికి ఒక చక్రాల పీట చేసిపెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం వడ్డించుకుంటుంటే భర్త ముఖం కూడా దిగాలుగా ఉంది. ఆయన ఇంటి ముందుగదిలోనే బట్టలు కుట్టేవాడు.

"నీకేమైంది?"

"ఆ కిరాణా కొట్టాయన చొక్కా. మూడోసారి కుట్టాను. ఈవేళ భుజం దగ్గరా, చంకలోనూ, వీపు మీదా ఒకేసారి పిగిలిపోయింది. వచ్చి నా కుట్టు మంచిది కాదంటాడు. అన్నిచోట్లా ఒకేసారి పిగిలిందంటే తప్పు దారానిదా? లోపలున్న మనిషి పెరుగుతున్నాడని ఎలా చెప్పను?"

మేస్త్రమ్మ పకపకా నవ్వింది. నవ్వి, అన్నం కలుపుతూ ఆగిపోయింది. "ఏంటి?" అన్నాడు ఆయన. "ఏం లేదు, తిను" అంది. అప్పటికి ఆ మాట ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియలేదు.

గురువారం పొద్దున బండి బయలుదేరింది. వెనక మందుల పెట్టెలు, ముందు డ్రైవరు పక్కన నర్సమ్మ, ఆ పక్కన ఒళ్ళో స్పానర్ల సంచితో మేస్త్రమ్మ. వాగులో నీళ్ళు ఇరుసుదాకా ఉన్నా మొండిది జంకలేదు. రాళ్ళదారి మొదలయ్యాక డ్రైవరు నాలుగు చక్రాలకూ బలం కలిపి, చిన్నగేరులో గంటన్నరసేపు మూలుగుతూ ఎక్కించాడు. పైకి చేరగానే నర్సమ్మ తన పెట్టెలతో ఇళ్ళవైపు, మేస్త్రమ్మ తన గోనెపట్టాతో బండి కిందికి.

తెల్లటి పౌడరు మీద ఎర్రగీతలు. ముందు సీలు దగ్గర ఒకటి, వెనక సీలు దగ్గర ఒకటి, పైన గేరు కడ్డీ దూరేచోట ఇంకొకటి. మూడుచోట్ల, ఒకేసారి. మిగతా పెట్టంతా తెల్లగానే ఉంది. పగులన్నది మచ్చుకైనా లేదు.

భుజం, చంక, వీపు.

"లోపలున్నది ఉబ్బుతోంది" అంది పైకే. "సీళ్ళ తప్పు కాదురా నాయనా. లోపలినుంచి ఏదో తోస్తోంది!"

గుడ్డ అడ్డం పెట్టి, ఆయిలు మట్టం చూసే ప్లగ్గును మెల్లగా అరచుట్టు తిప్పింది. ఉస్సుమని గాలి బయటికి తన్నుకొచ్చింది. దాని వెంట వేడి ఆయిలు గుడ్డ మీదికి చిమ్మింది. డ్రైవరు ఎగిరి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పాముందా ఏంటి లోపల?"

"గాలి ఉంది. పోవడానికి దారిలేని గాలి."

ఇనప పెట్టె వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి పెట్టె నెత్తిన పుట్టగొడుగు టోపీ లాంటి చిన్న మూత ఉంటుంది. దాన్ని బ్రీదరంటారు. పెట్టెకు అదే ముక్కు. బండి అడుగుభాగానికి, పెట్టెకు మధ్య ఇరుకు సందులో ఉంటుంది గనుక కంటికి ఆనదు. మేస్త్రమ్మ కాస్త చల్లారనిచ్చి, మోచేయి దాకా లోపలికి పోనిచ్చి వేళ్ళతో తడిమింది. వేలు తగిలితే ఆ టోపీ లొడలొడలాడాలి. ఆడలేదు. నున్నగా, గట్టిగా, పెట్టెతో ఒకే ముద్దయిపోయి ఉంది. గోటితో గీకి చెయ్యి బయటికి తీసి చూసుకుంది.

గోటి కింద నల్లరంగు.

ఏటా పెద్ద అధికారులు చూడటానికి వచ్చేముందు లారీల అడుగులకు నల్లరంగు వేయడం ఆ షెడ్డులో ఆనవాయితీ. ఆ ఏడు వానలకు ఇనుము తుప్పుపట్టిందని, రంగులాయనను పిలిచి తానే చెప్పింది: "అన్నయ్యా, మొండిది వాగులో దిగే బండి. సూదిమొనంత ఇనుము కూడా బయటికి కనబడకూడదు." ఆయన మోకాళ్ళ నొప్పులతోనే ఆ పీట మీద కూర్చుని, ఎవరి కంటా పడని సందుల్లోకి కూడా కుంచె పోనిచ్చి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. అంత శ్రద్ధగా మరొకరు వేసేవారు కాదు. అశ్రద్ధగా వేసుంటే ఆ ముక్కు మూసుకుపోయేదీ కాదు. మొదటి ఎర్రమరక పడింది ఆ తర్వాతి వారమే. పదకొండు అట్టలు చదివే మనిషి ఈ రెండింటినీ కలిపి చదవలేకపోయింది.

"ఏంటక్కా, పగులు దొరికిందా?" అంటూ నర్సమ్మ మంచినీళ్ళ చెంబుతో వచ్చింది. ఆ ఇళ్ళ వాళ్ళెవరో బండి కింద ఆడమనిషి ఉందని పంపారట.

"పగులు లేదమ్మా" అని నీళ్ళు తాగి, "దొరికింది వేరే" అంది.

సన్నటి తీగతో, చిన్న కత్తితో ఆ రంగంతా గీకి తీసింది. టోపీ లొడలొడలాడేదాకా వదలలేదు. తక్కువైన ఎర్ర ఆయిలు మట్టందాకా పోసి, అంతా తుడిచి మళ్ళీ పౌడరు చల్లింది. "ఇక ఊపిరి పీల్చుకో" అని పెట్టెను తట్టింది. దిగేటప్పుడు డ్రైవరును అడిగి, దారి మళ్ళించి రెండు ఎత్తులు అదనంగా ఎక్కించింది, చిన్నగేరులోనే. అనుమానం ఉంటే కొండమీదే తేలాలి గానీ కాగితం మీద కాదని ఆమె పట్టు.

షెడ్డు చేరేసరికి మూడు దాటింది. బండి నిలబెట్టి, సంచిలోంచి కొత్త అట్టముక్క తీసి కింద పరిచింది. గుమ్మం పక్కనున్న బల్లమీద చేతులు కట్టుకుని కూర్చుంది. డ్రైవర్లు చుట్టూ చేరారు. నాలుగు కావడానికి ఐదు నిమిషాలున్నాయనగా సూపరింటెండెంటు కాగితంతో వచ్చాడు.

"ఏమైంది? సంతకం పెడతారా?"

"ముందు మీరు కిందికి చూడండి సారూ."

"నేనా?"

"మీరే. చూడనిదానికి నన్ను సంతకం పెట్టమన్నారు. ఇప్పుడు నేను చెబితే మీరు నమ్మడం కూడా అంతే అవుతుంది. నేను చెప్పను. మీరు వంగి చూడండి."

ఎవరూ నవ్వలేదు. సూపరింటెండెంటు తన ఇస్త్రీ ప్యాంటు వైపు, ఆమె వైపు, నేల వైపు చూశాడు. మేస్త్రమ్మ లేచి తన గోనెపట్టా మడిచి అతని మోకాళ్ళ కింద పరిచింది. అతను నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, చాలాసేపు చూశాడు. అట్ట మీద మరక లేదు. పెట్టె మీది పౌడరు అలాగే తెల్లగా ఉంది.

లేచి, మోకాళ్ళు కూడా దులుపుకోకుండా, పనికిరాదన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "కొండెక్కి వచ్చిందా నిజంగా?"

"నర్సమ్మనడగండి."

"అక్కర్లేదండీ." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "అయితే పై ఆఫీసుకి కారణం రాయాలి. మూడు సీళ్ళు అనవసరంగా మార్చామంటే ఎవరి తప్పని అడుగుతారు. అసలు ఏమైంది?" అన్నాడు.

"గాలిపోయే మూత రంగుతో మూసుకుపోయింది."

"రంగేసిందెవరు?"

రంగులాయన అక్కడే, పదో నంబరు బండి దగ్గర చక్రాల పీట మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కుంచె ఆగిపోయింది.

"వేయించింది నేను" అంది మేస్త్రమ్మ, అందరికీ వినబడేలా. "సూదిమొనంత ఇనుము కూడా కనబడకూడదన్నది నేను. ఆ మూత అక్కడుందని తెలిసినదాన్నీ నేనే. చెప్పకపోవడం నా తప్పు. పేరు రాయాలంటే నా పేరు రాయండి. దానికింద మాత్రం సంతోషంగా సంతకం పెడతాను."

సూపరింటెండెంటు కలం తీశాడు, మళ్ళీ మూత పెట్టాడు. "మూసుకుపోయింది, శుభ్రం చేశారు. అంతవరకే రాస్తాను" అని వెళ్ళిపోయాడు. డ్రైవర్లు ఒక్కొక్కరే వెళుతూ మొండిదాని బంపరు మీద తట్టి వెళ్ళారు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. మేస్త్రమ్మ చెప్పులకోసం గుమ్మం దగ్గరికి నడిచింది. అవి తాను విడిచిన చోట లేవు, గోడవారన నీడలో ఉన్నాయి. వాటిని తొడుక్కోకుండానే వెనక్కి వచ్చి పీట పక్కన నేలమీద కూర్చుంది.

"నేనేనా చెల్లెమ్మా, దాని ముక్కు మూసింది?" అన్నాడు ఆయన.

"నేను చెప్పింది చెప్పినట్టు చేశావన్నయ్యా. అలా చేసేవాళ్ళు ఎంతమందున్నారు? అందుకే ఒక సాయం అడగాలని వచ్చాను."

ఆయన తలెత్తాడు. ఇరవయ్యారేళ్ళలో ఆమె ఎవరినీ సాయం అడగడం ఆయన వినలేదు.

"అన్ని బండ్లకూ ఇలాంటి చిన్న మూతలున్నాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో నేను వేలు పెట్టి చూపిస్తాను. ఒక్కోదాని చుట్టూ నీ చేత్తో పసుపురంగు గుండ్రం గీసి పెట్టవా? రేపు నువ్వూ నేనూ లేని రోజున కూడా ఎవరూ వాటిని మూయకూడదు. మొదట మొండిదానికి గీద్దాం. లే, నా చెయ్యి పట్టుకో."